పద్దెనిమిదో రోజు

కృపానందానికి ఆ తేదీ గుర్తుండిపోయింది. జనవరి ఇరవై మూడు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం ఆయన తిన్నది రెండు చపాతీలు, ముందు రోజు మిగిలిన దొండకాయ వేపుడు, చివర్లో ఒక పాలకోవా బిళ్ళ. చపాతీల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆ కోవా మాత్రం ఇంకా నాలుక మీదే ఉన్నట్టుంటుంది.

కోవా తెచ్చింది తెరేసమ్మ. బెంజ్ సర్కిల్ పక్కన సర్వీసు రోడ్డులో ఉన్న ఆ ఐదంతస్తుల ఆసుపత్రిలో ఆమె హౌస్‌కీపింగ్ మనిషి, కాంట్రాక్టు మీద. ముందు రోజు, గురువారం మూడున్నరకు, మూడో అంతస్తు నుంచి దించిన పసుపు చెత్త సంచి మూతి కడుతుంటే లోపల్నుంచి సూది ఒకటి గ్లవ్ చీల్చుకుని వచ్చి బొటనవేలి కింద మెత్తటి చోట దిగింది. నిజానికి సూదులు ఆ సంచిలో ఉండకూడదు. వాడిన వెంటనే కట్టర్‌లో ముక్కచేసి తెల్లటి గట్టి డబ్బాలో వెయ్యాలి. ఆ అంతస్తులో కట్టర్ పాడై రెండు నెలలైంది.

సూపర్‌వైజర్ ఆమె వేలు పంపు కింద పెట్టించి, స్పిరిట్ రాసి, "ఇంతోటి దానికే ఏడుస్తావేంటి?" అని పంపేశాడు. మర్నాడు అడ్మినిస్ట్రేషన్ మేనేజర్ లక్ష్మీకాంత్ స్వయంగా ఆమెను కృపానందం పనిచేసే ల్యాబ్‌కి వెంటబెట్టుకొచ్చాడు.

"ఒక హెచ్ఐవి కార్డు పెట్టెయ్యండి కృపానందం గారూ. పాపం, భయపడుతోంది."

కృపానందం ఆమె నెత్తురు తీసి కార్డు మీద చుక్క వేశాడు. ఇరవై నిమిషాలు చూశాడు. కార్డు మీద ఒక్క గీతే పడింది. నెగటివ్. రిపోర్టు రాసి సంతకం చేశాడు.

"చూశావా? ఏమీ లేదు. హాయిగా పనిచేసుకో. మూడు నెలలు పోయాక ఇంకోసారి చేద్దాం, రూలు అదే," అన్నాడు లక్ష్మీకాంత్.

కృపానందం నోరు తెరిచాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నెత్తురు చూస్తున్న మనిషి. నిన్న దిగిన సూది సంగతి ఇవాళ్టి కార్డు చెప్పలేదని ఆయనకు తెలుసు. అది చెప్పేది సూదికి ముందు సంగతి. సూదితో ఏదైనా వచ్చి ఉంటే అది సద్దు చెయ్యకుండా ఒంట్లో పెరుగుతుంది, కొన్ని వారాలదాకా ఆ కార్డుకు దొరకదు. దాన్ని ఆపాలంటే డెబ్బై రెండు గంటల్లోపు మాత్రలు మొదలుపెట్టాలి, ఇరవై ఎనిమిది రోజులు మింగాలి. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే ఊరికే ఇస్తారు. ఇంకా యాభై గంటల పైనే ఉంది. మూడో అంతస్తులో ఆ వారం హెచ్ఐవి ఉన్న రోగి ఒకరున్నారని కూడా ఆయనకు తెలుసు. ఆ రిపోర్టు కింద సంతకం ఆయనదే.

కానీ మాత్రలంటే ముందు ప్రమాదం రిజిస్టరులో ఎక్కాలి. పై వారం తనిఖీ బృందం వస్తోంది. లక్ష్మీకాంత్ కళ్ళజోడు తుడుచుకుంటూ ఆయన వంకే చూస్తున్నాడు.

తెరిచిన నోటితో కృపానందం, "ఈసారి గ్లవ్స్ రెండు జతలు వేసుకో అమ్మా," అన్నాడు. అంతే అన్నాడు.

మధ్యాహ్నం తెరేసమ్మ కింద కొట్లో పావుకిలో కోవా కొనుక్కొచ్చి ల్యాబ్‌లో అందరికీ పంచింది. "గుణదల మాత కాపాడింది సార్. తీసుకోండి. అది కాదు, పెద్దది తీసుకోండి. మాత చేసిన మేలు మీ సిఎస్ఐ చర్చి వాళ్ళకి అరగదా ఏంటి?" అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. పెద్దదే తీసుకున్నాడు.

సూది గుచ్చుకున్న వాళ్ళలో వెయ్యికి ముగ్గురికి మించి రాదని పుస్తకంలో ఉంది. ఆ లెక్కను ఆయన ఇంటికెళ్ళే బస్సులో చెప్పుకున్నాడు. స్టవ్ ముందు నిలబడి చెప్పుకున్నాడు. ఆదివారం గుడిలో, పాట మధ్యలో ఆపి, చేతి గడియారం చూసుకున్నాడు. మూడున్నరకు ఇంకా ఐదు గంటలుంది. మళ్ళీ పాట అందుకున్నాడు.

*

ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం. గుణదల తిరునాళ్ళు ఆ రోజే మొదలు. ఏలూరు రోడ్డు మూసేసి బండ్లన్నిటినీ ఇటు మళ్ళించడంతో భవానీపురం నుంచి వచ్చే బస్సు అడుగు తీసి అడుగు వేసింది. కృపానందం ల్యాబ్‌కి వచ్చేసరికి బయట బెంచీ మీద తెరేసమ్మ కూర్చుని ఉంది. ఆకుపచ్చ యూనిఫాం చీర మీద మెడకు తువ్వాలు చుట్టుకుంది.

"ఏమ్మా, ఊరంతా మీ కొండకి పోతుంటే నువ్విక్కడున్నావేంటి? సెలవు పెట్టలేదా?"

"సెలవు పెడితే పేరు తీసేస్తామంటున్నాడు సూపర్‌వైజరు. ఇంటినిండా చుట్టాలు సార్. రేపల్లె వాళ్ళు, కైకలూరు వాళ్ళు, మొత్తం పన్నెండు మంది. తెల్లారకముందే వాకిట్లో పొయ్యి వెలిగించి అందరికీ ఉప్మా చేసి పెట్టొచ్చా." గొంతు బొంగురుగా ఉంది. "నాలుగు రోజుల్నుంచి ఒళ్ళు కాలిపోతోంది. ఉమ్మి మింగినా నొప్పే. మందుల షాపులో బిళ్ళలిచ్చాడు, తగ్గలా. డెంగీ ఏమో ఒకసారి చూడండి."

లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరి చెయ్యి ముట్టుకునే ముందైనా అరచేతులు రెండూ రుద్ది వేడి చేసుకోవడం ఆయన అలవాటు. ఏసీ గదిలో చల్లటి చెయ్యి తగిలితే జనం ఉలిక్కిపడతారు, నరం లోపలికి పోతుంది. చేతులు రుద్దుకుని, ఆమె మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టి, చెయ్యి వెలుతురులోకి తిప్పాడు.

లోపలి వైపు చర్మం మీద సన్నటి ఎర్రమచ్చలు. మోచేతి నుంచి పైకి, జాకెట్టు అంచు కిందికి పోయాయి.

"దురద పెడుతున్నాయా?"

"లేదు సార్. మొన్న ఛాతీ మీద పడ్డాయి. చెమటకాయలనుకున్నా. ఈ చలికాలం చెమటకాయలేంటే అని మా అమ్మాయి శాలిని నవ్వింది."

"తువ్వాలు తియ్యి."

తీసింది. దవడ కింద రెండు వైపులా గడ్డలు, ఉసిరికాయలంత. ముట్టుకోకుండానే కనపడుతున్నాయి.

కృపానందం కళ్ళు గోడమీది క్యాలెండరు మీదికి పోయాయి. బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. ఇరవై రెండు నుంచి తొమ్మిది. పద్దెనిమిది. మళ్ళీ లెక్కపెట్టాడు. పద్దెనిమిదే వచ్చింది.

కట్టిన పట్టీ విప్పేశాడు. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా, ఆమె ఎత్తులో కూర్చున్నాడు.

"తెరేసమ్మా, డెంగీకి తీస్తాను. దాంతోపాటు ఇంకోటి కూడా చూద్దామనుకుంటున్నా. హెచ్ఐవి. నువ్వు సరేనంటేనే."

"అది లేదన్నారుగా?"

"అది ఆ రోజు మాట."

ఆమె కాసేపు ఆయన్ని చూసింది. "ఇదేంటి సార్, నన్ను అడుగుతున్నారు? పోయినసారి ఎవరూ అడగలేదు. చెయ్యి చాపమన్నారు, చాపా."

"అడగాలమ్మా. అప్పుడూ అడగాల్సింది. నువ్వు వద్దంటే డెంగీ ఒక్కటే చేస్తాను. ఏం వచ్చినా నీకు తప్ప ఎవరికీ చెప్పం."

"ఉంటే?"

"ఉంటే మందులున్నాయి. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిది."

ఆమె తువ్వాలును ఒళ్ళో పెట్టుకుని నాలుగు మడతలు పెట్టింది. విప్పి మళ్ళీ పెట్టింది. "కాయితం ఏదో ఉంటదిగా. ఇవ్వండి," అంది. ఒక్కో అక్షరం నొక్కి నొక్కి సంతకం చేసింది.

సూది ఒక్కసారికే నరంలో దిగింది. ఆయన చేతికి ఇన్నేళ్ళలో మిగిలిన మంచి అదొక్కటి. మామూలుగా ఒక ట్యూబు తీసే చోట నాలుగు తీశాడు. నాలుగింటి మీదా పేరు, తేదీ, గంట, నిమిషం రాశాడు.

*

డెంగీ లేదు. పాత కార్డు పెట్టాడు. జనవరిలో పెట్టిన రకమే. ఒక్క గీత. నెగటివ్.

బీరువాలో కొత్త రకం కార్డులున్నాయి. ఆపరేషన్లకు వచ్చే రోగులకే వాడాలని, స్టాఫ్‌కి పాతవి చాలని లక్ష్మీకాంత్ కాగితం అంటించి ఉంచాడు. ఆ కాగితాన్ని పక్కకు జరిపి కృపానందం ఒక కార్డు తీశాడు.

పాత కార్డు వెతికేది వైరస్‌ని కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రతిరక్షకాల్ని. అవి తయారవడానికి వారాలు పడుతుంది. కొత్త కార్డులో రెండు చోట్లున్నాయి. ఒకటి ఆ ప్రతిరక్షకాలకు. రెండోది వైరస్ తాలూకు ముక్కకే. ముందు కనపడేది ఆ ముక్క. ప్రతిరక్షకాలు వచ్చాక అవి దాన్ని కప్పేస్తాయి, ఇక కనపడదు. ఆ ముక్క ఒంటరిగా దొరికేది మధ్యలో ఆ కొన్ని రోజులే.

గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. పడకూడదని కోరుకుంటూ కూర్చున్నాడు. పన్నెండో నిమిషంలో గులాబి రంగు నీడలాంటిదొకటి తేలింది. పదిహేనో నిమిషానికి గీతయింది. ముక్క దగ్గర గీత. ప్రతిరక్షకాల దగ్గర తెల్లగా, ఖాళీగా ఉంది.

రెండో కార్డు పెట్టాడు. అదీ అంతే.

నాలుగింటికి పెథాలజిస్టు డాక్టర్ సుస్మిత వచ్చింది. రోజూ ఈ గంటకు వచ్చి రిపోర్టులన్నీ చూసి సంతకాలు పెట్టి ఇంకో ల్యాబ్‌కి వెళ్ళిపోతుంది. కార్డులు రెండూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది.

"పాత కార్డు?"

"నెగటివ్ మేడమ్."

"అయితే ఇది చాలా కొత్తది. మూడు వారాల్లోపుది."

"జనవరి ఇరవై రెండున సూది గుచ్చుకుంది. మూడో అంతస్తు సంచి."

"రిజిస్టరులో ఏదీ?"

"ఎక్కించలేదు."

"మాత్రలు?"

"ఇవ్వలేదు."

"అదేంటండీ? ఎవరూ చెప్పలేదా ఆమెకి?"

కృపానందం బల్ల మీద పిపెట్ టిప్పుల డబ్బాను సరిగ్గా అంచుకు సర్దాడు. "లేదు మేడమ్. నేనూ చెప్పలేదు."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకు. కుర్చీలో కూర్చుని ఫారం నింపింది. "వైరస్ కౌంట్‌కి పంపుతున్నా. రేపు సాయంత్రానికి వస్తుంది. అది చూశాక చెబుదాం. మిగతా ట్యూబులు ఫ్రీజర్‌లో పెట్టండి. తాళం మీ దగ్గరే ఉంచుకోండి."

ఆవిడ వెళ్ళిన పది నిమిషాలకు లక్ష్మీకాంత్ వచ్చాడు. కంప్యూటర్‌లో కొత్త కార్డులు రెండు తగ్గాయట.

"ఇవాళ ఆపరేషన్లు లేవుగా కృపానందం గారూ. ఎవరికి వాడారు?"

"రోగికే వాడాను సార్."

"పొద్దున బెంచీ మీద ఎవరు కూర్చున్నారో కెమెరాలో చూశాలెండి. పాత కార్డు ఏం చెప్పింది? నెగటివేగా? ఆ రిపోర్టు ఇచ్చి పంపెయ్యండి. మూడు నెలల తర్వాత చూద్దామన్నాంగా."

"రిపోర్టు సంగతి ఆమెకే చెప్పాలండీ. మీకు చెప్పకూడదు."

లక్ష్మీకాంత్ నవ్వాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పిల్లాడికి లెక్క చెప్పే మాస్టారిలా వేలు ముడిచి చెప్పాడు. "చెప్పొద్దులెండి. మాటవరసకి అనుకుందాం. రేప్పొద్దున ఏదైనా బయటపడిందే అనుకోండి. సూది గుచ్చుకుంది ఇరవై రెండు. టెస్టు చేసింది ఇరవై మూడు. నెగటివ్. సంతకం తమరిది. అంటే సూది వల్ల రానట్టేగా? మొగుడు పోయి ఎనిమిదేళ్ళయింది. ఒంటరి ఆడమనిషి. ఎక్కడికి పోతుందో, ఎవరితో తిరుగుతుందో మనకేం తెలుసండీ?"

ఆయన వెళ్ళాడు, తలుపు ఢామ్మని పడింది. ఆ తలుపు స్ప్రింగు పాడై చాన్నాళ్ళయింది. చేత్తో పట్టుకుని వెయ్యకపోతే అలాగే మోగుతుంది.

ఆ మోత ఆగేదాకా కృపానందం కదల్లేదు. మూడు నెలల తర్వాత పాత కార్డు మీద కూడా గీత పడుతుంది. అప్పుడు ఆ గీత తేదీ చెప్పదు. మూడు నెలల నాటిదో, మూడేళ్ళ నాటిదో ఎవరూ తేల్చలేరు. లక్ష్మీకాంత్ చెప్పిందే మిగులుతుంది. ఆ నెత్తురు జబ్బు పుట్టిన తేదీ చెబుతున్నది ఇవాళే, ఈ నాలుగు రోజులే.

ఫ్రీజర్ తెరిచి ట్యూబులు లోపల పెట్టాడు. ఆమె తప్పేమీ లేదని చెప్పే గీత, ఆమెకు జబ్బుందని చెప్పే గీత ఒక్కటే. పొద్దుటినుంచీ ఆ గీత పడకూడదని కోరుకున్నాడు. ఇప్పుడు అది చెరిగిపోకూడదని కోరుకుంటున్నాడు. ఇంత నీచమైన కోరిక తన జన్మలో ఎప్పుడూ కోరుకున్నట్టు లేదు.

*

మంగళవారం సాయంత్రం కౌంట్ వచ్చింది. ఏడంకెల సంఖ్య. ఇక అనుమానం లేదు.

రక్తం తీసే గదిలో, పరదా వేసి, డాక్టర్ సుస్మితే చెప్పింది. మెల్లగా, దాపరికం లేకుండా చెప్పింది. రేపే మందులు మొదలుపెట్టొచ్చని, ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడానని, రోజూ మాత్ర వేసుకుంటే అందరిలా పనిచేసుకుని అందరిలా ముసలిదయ్యేదాకా బతకొచ్చని, ఇంట్లో కలిసి తింటే, పక్కన పడుకుంటే ఎవరికీ ఏమీ కాదని చెప్పింది. ఇంత మొదట్లో దొరకడం అదృష్టమేనంది. ఆ మాట అన్నాక తనకే ఎలాగో అనిపించినట్టుంది, తెరేసమ్మ భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి, వెళ్ళింది.

తెరేసమ్మ ఏడవలేదు. బొటనవేలి కింద సూది దిగిన చోటును చూసుకుంటోంది. అక్కడ మచ్చ కూడా లేదు. కృపానందం ఫ్యాను ఆమె వైపు తిప్పి, గ్లాసుతో నీళ్ళు పెట్టి, నిలబడ్డాడు.

"ఆ రోజు లేదని చూపించింది కదా సార్ కార్డు?"

"ఆ కార్డు నిన్నా మొన్నటి సంగతి చెప్పలేదమ్మా. పాత సంగతే చెబుతుంది."

"ఈ డాక్టరమ్మ ఏవో మాత్రలన్నారు. మూడు రోజుల్లో వేసుకుంటే రాకపోయేదేమోనన్నారు."

"అవును. చాలామందికి ఆగిపోతుంది."

ఏసీ నీళ్ళు కింద బకెట్లో పడుతున్నాయి. తెరేసమ్మ తలెత్తింది.

"ఆ కార్డు చెప్పదని ఆ రోజు మీకు తెలుసా?"

"తెలుసు."

"మాత్రలున్నాయని?"

"తెలుసు."

"మూడు రోజులే టైమని?"

"తెలుసు."

ఆమె బొటనవేలిని గుప్పిట్లో ముడిచింది. తర్వాత, కోపం కూడా లేని గొంతుతో, "మరి నేనిచ్చిన కోవా తిన్నారు కదా సార్ మీరు," అంది.

కృపానందం గోడకు ఆనుకున్నాడు. "తెరేసమ్మా, నన్ను..."

"క్షమించమని అడగొద్దు సార్. నాకిప్పుడు ఓపిక లేదు." నీళ్ళు తాగింది. గ్లాసు బల్లమీద పెట్టింది. "ఇంట్లో పన్నెండు మందికి రాత్రి వంట చెయ్యాలి. శాలినికి ఎలా చెప్పాలో చూసుకోవాలి. మేనేజరు ఏమంటాడో నాకు తెలుసు. సూపర్‌వైజరు అప్పుడే మొదలుపెట్టాడు, నీకు చుట్టాలెక్కువయ్యారే తెరేసా అని. నా పిల్ల తలెత్తుకు తిరగాలి సార్. మీరు రాసివ్వండి."

"ఏమని?"

"ఇప్పుడు నాతో చెప్పిందే. ఆ మూడు తెలుసులూ రాయండి."

ఆయన బల్ల దగ్గర కూర్చుని తెల్ల కాగితం తీసుకున్నాడు. తెరేసమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని పక్కన కూర్చుంది. రాసిన ప్రతి వాక్యం చదివింది. "గురువారం అంటే సరిపోదు, మూడున్నర అని పెట్టండి. సంచి పసుపుదని రాయండి. మూడో అంతస్తని రాయండి. కట్టరు లేదని ఎవరు రాస్తారు?" ఆయన రాశాడు. ఒకచోట వేలు పెట్టి ఆపింది.

"ఇదేంటి సార్? 'పొరపాటున ఆమెకు తెలియజేయలేదు' అని రాశారు."

"అవును."

"పొరపాటు కాదు కదా."

కృపానందం ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టాడు. పైన ఏం రాయాలో కొంచెంసేపు తోచలేదు. చివరికి 'భయపడి' అని రాశాడు. ఆమె చదివి, తల ఊపింది.

*

బుధవారం మధ్యాహ్నం లక్ష్మీకాంత్ గదిలో ఏసీ చల్లగా ఉంది. బల్లమీద ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి, దాని పైన జనవరి ఇరవై మూడు నాటి రిపోర్టు నకలు ఉన్నాయి. డాక్టర్ సుస్మిత ఒక కుర్చీలో కూర్చుంది. కృపానందాన్ని కూర్చోమన్నారు. తెరేసమ్మను ఎవరూ అనలేదు. కృపానందం లేచి తన కుర్చీ ఆమెకిచ్చి, తాను నిలబడ్డాడు.

"ఏమ్మా తెరేసమ్మా, ఒంట్లో బాగుండట్లేదట. రెస్టు తీసుకో. నీకు మేమేదైనా అన్యాయం చేశామా? చెప్పు. నీ ఆరోగ్యం బాగుందని, ఇక్కడ పనివల్ల నీకే ఇబ్బందీ రాలేదని ఇందులో ఉంది. సంతకం పెట్టు. బాగయ్యాక మళ్ళీ రావచ్చు."

"ఆరోగ్యం బాలేదన్నారు కదండీ ఇప్పుడే. బాగుందని ఎట్టా పెట్టమంటారు?"

లక్ష్మీకాంత్ ముఖంలో నవ్వు అలాగే ఉంది. జనవరి రిపోర్టు ఆమె ముందుకు తోశాడు. "ఇది నీదేగా? సూది తర్వాత చేసిందేగా? నెగటివేగా?"

తెరేసమ్మ ఒళ్ళో గుడ్డసంచి విప్పి సోమవారం నాటి రిపోర్టు తీసి దాని పక్కన పెట్టింది. తర్వాత కృపానందం వంక చూడకుండానే, "సార్, మీరు చెప్పండి," అంది.

ఆయన బల్లమీదికి వంగి రెండు కాగితాల మీదా చెరొక వేలు పెట్టాడు. "ఇరవై మూడున నెగటివ్ అంటే సూది దిగిన రోజుకి ఈమె ఒంట్లో ఇది లేదని. తొమ్మిదో తారీఖున వైరస్ ఒక్కటే ఉంది, ప్రతిరక్షకాలు ఇంకా లేవు. అంటే మూడు వారాల్లోపు వచ్చిందని. మీరు చూపించే కాగితం ఈమెకి వ్యతిరేకం కాదండీ. ఈమె తరఫు సాక్ష్యమే."

"మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులండీ కృపానందం గారూ. అన్ని రోజుల్లో ఈమె ఎక్కడెక్కడ..."

"ఆ వారం మూడో అంతస్తులో ఎవరున్నారో నా రికార్డుల్లో ఉంది లక్ష్మీకాంత్ గారూ," అంది సుస్మిత. "ఆ పేరు ఇక్కడ చెప్పను. అడగాల్సిన వాళ్ళు అడిగితే చూపిస్తాను. వాక్యం పూర్తి చేస్తారా?"

ఆయన చెయ్యలేదు. కృపానందం చేతిరాతతో ఉన్న కాగితం తెరేసమ్మ అప్పుడు తీసింది. లక్ష్మీకాంత్ చదివాడు. కొట్టేసిన మాట దగ్గర ఆగాడు. రెండోసారి చదివాడు.

"ఇది మీ మీద మీరే రాసుకున్నారు."

"అవునండీ."

"దీంతో ఆసుపత్రి సంగతి తర్వాత, ముందు పోయేది మీ ఉద్యోగం. తెలుసా?"

"తెలుసు," అన్నాడు కృపానందం.

ఆ మాటకు తెరేసమ్మ మొదటిసారి తల తిప్పి ఆయన్ని చూసింది. చూపు ఎంతోసేపు లేదు.

"అది చింపినా లాభం లేదు సార్," అంది మేనేజరుతో. "దీని కాపీ ఒకటి పొద్దున మాత్రలు తీసుకున్న చోట ఇచ్చా. ఇంకోటి కవరు అంటించి ఫాదరు గారి దగ్గర దాచా. లోపలేముందో ఆయనకి చెప్పలా. నాకు గొడవ వద్దు. ఆ ప్రమాదాల పుస్తకంలో జరిగింది జరిగినట్టు రాయండి. నా పని నాకుండాలి. నోటికొచ్చినట్టు ఎవరూ వాగకూడదు. అంతే."

లక్ష్మీకాంత్ సొరుగు లాగి రిజిస్టరు తీశాడు. పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. మొదటి పేజీలో, జనవరి ఇరవై రెండు తేదీ వేసి, స్వహస్తాలతో రాశాడు. టైపు చేసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కృపానందం గారు రేపటి నుంచి రానక్కర్లేదని తలెత్తకుండానే చెప్పాడు.

గంటన్నర తిరక్కుండానే మూడో అంతస్తుకి కొత్త కట్టర్ వచ్చింది. ల్యాబ్‌కి కూడా ఒకటి వచ్చింది, అట్టపెట్టెలో, థర్మోకోల్ మధ్య, తళతళలాడుతూ. రెండు నెలలు రానిది గంటన్నరలో వచ్చింది. కృపానందం దాన్ని బయటికి తీసి, ప్లగ్గు పెట్టి, ఆనాటి సూదులన్నీ ఒక్కొక్కటే ముక్కలు చేశాడు. ఒక్కో సూదికి చిన్న చిటుక్కుమనే చప్పుడు. ముక్కల్ని తెల్ల డబ్బాలో పోసి, మూత బిగించి, మూత చుట్టూ టేపు వేశాడు. ఫ్రీజర్ తాళం డాక్టర్ సుస్మితకు ఇచ్చేశాడు. తన కప్పు, కళ్ళద్దాల గుడ్డ, పాత పెన్ను క్యారియరు సంచిలో సర్దుకున్నాడు.

ఏడింటికి తెరేసమ్మ మాపు కర్రతో వచ్చింది. ల్యాబ్ తుడిచి, చెత్త దించి, తలుపు మూయడం ఆమె డ్యూటీలో చివరి పని. తిరునాళ్ళు కూడా ఆ రోజుతో ఆఖరు. చుట్టాలు ఈపాటికి బయల్దేరి ఉంటారు.

కృపానందం పసుపు సంచి మూతి పట్టుకుని లేపబోయాడు.

"అక్కడ పెట్టండి. అది నా పని."

ఆయన వదిలేశాడు. ఆమె గ్లవ్స్ వేసుకుంది. వాటి మీద ఇంకో జత వేసుకుంది. సంచిని బయటనుంచి తట్టి చూసి, మూతి మెలిపెట్టి కట్టింది.

"మాత్ర వేసుకున్నావా?"

"ఊఁ. పొద్దున. కళ్ళు తిరుగుతున్నాయి. నాలుగు రోజుల్లో సర్దుకుంటదన్నారు."

"సర్దుకుంటుంది."

మాపు బకెట్లో ముంచి పిండింది. "ఇదైనా నిజమేనా?"

"నిజం."

ఆమె నేల తుడవడం మొదలుపెట్టింది. ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన సంచి తీసుకుని బయటికి వచ్చాడు. వరండా పొడుగునా నడిచి మెట్ల దగ్గర ఆగాడు. ఆ తలుపు ఢామ్మని పడే చప్పుడు కోసం, తెలియకుండానే, భుజాలు బిగపట్టుకున్నాడు. ఎంతకీ వినపడలేదు.

వెనక్కి చూశాడు. ల్యాబ్ పక్క గదిలో జ్వరంతో చేరిన పసిపాప అప్పుడే నిద్రపోయినట్టుంది, తల్లి చీరకొంగుతో విసురుతోంది. తెరేసమ్మ లైటు తీసేసి, మాపు కర్ర గోడకు ఆనించి, గ్లవ్స్ విప్పిన అరచెయ్యి తలుపుకు ఆనించింది. గడియ తన చోట్లో పడేదాకా పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.